నేల ఒప్పుకున్నంత టార్క్

మా కాలేజీలో నన్ను "బొమ్మకార్ల మేడం" అనేవారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లెక్చరర్‌గా చేసి రిటైర్ అయ్యాను. తెలంగాణ వచ్చిన తర్వాత నా సర్వీసులో మిగిలిన ఏళ్లన్నీ నల్లగొండలోనే గడిచాయి. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "మేడం, ల్యాబ్ ఎట్ల నడపాలె? పిల్లలకు ఎలక్ట్రిక్ బండ్ల గురించి ఎట్ల చెప్పాలె?" అని అడుగుతారు. పాఠం ఎలా చెప్పాలో పుస్తకాల్లో ఉంది. ఆ పాఠం పిల్లవాడి వెంట గేటు దాటి వెళ్లాక ఏమవుతుందో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. అది రాస్తాను. సంతోషంగా ముగిసే సంగతి కాదు, ముందే చెబుతున్నాను.

మోటారుకు దమ్ము లేదా

రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. మా ల్యాబ్‌లో మోటార్లు సగం కాలిపోయి ఉండేవి, మిగతా సగం నాకంటే సీనియర్లు. ఎలక్ట్రిక్ బండ్ల గురించి పేపర్లో చదవడమే కానీ పిల్లలకు చూపించడానికి ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో రిమోట్ కార్లు అమ్మే దుకాణం ఉందని తెలిసి, మూరెడు పొడవున్న కారు ఒకటి విడిభాగాలుగా తెచ్చాను. చూడ్డానికి బొమ్మే. లోపలిదంతా అసలు సరుకు. మంచి మోటారు, లిథియం బ్యాటరీ, మోటారుకు ఎంత కరెంటు వదలాలో చూసుకునే కంట్రోలర్. మోటారు వెనక చక్రాలను తిప్పుతుంది. రిమోట్‌కు తుపాకీకి ఉన్నట్టు ట్రిగ్గర్ ఉంటుంది. వేలితో నొక్కితే కారు పోతుంది, వేలు తీస్తే నెమ్మదిస్తుంది.

కాలేజీ వెనక దుమ్ములో మొదటిసారి నడిపిన రోజు నవ్వులపాలయ్యాం. ట్రిగ్గర్ నొక్కగానే వెనక చక్రాలు గిర్రున తిరిగి దుమ్ము లేపాయి. కారు మాత్రం ఉన్నచోటే ఊగిపోయింది.

"మోటారుకు దమ్ము లేదు మేడం," అన్నాడు ముందు నిలబడ్డ యాదగిరి. చిట్యాల దగ్గరి పల్లె అతనిది, గొర్రెలు కాసే ఇల్లు. బక్కగా ఉండేవాడు, మాట మాత్రం గట్టిది.

"దమ్ము లేకుంటే చక్రం గంత జోరుగ ఎట్ల తిరుగుతాంది?" అని అడిగాను.

ఫిజిక్స్ ల్యాబ్ నుంచి స్ప్రింగ్ త్రాసు తెప్పించాను. దాని ఒక కొసను గోడ మేకుకు, రెండో కొసను కారు తోకకు కట్టించాను. సిమెంటు నేల మీద యాదగిరిని ట్రిగ్గర్ మెల్లగా నొక్కమన్నాను. కారు లాగుతున్నకొద్దీ త్రాసు ముల్లు పెరిగింది. ఒకచోట చక్రం జారింది, ముల్లు వెనక్కి పడిపోయింది. అదే పని దుమ్ములో చేయించాను. తర్వాత వరండాలో షాబాద్ బండల మీద నీళ్లు పోసి చేయించాను. తడిబండ మీద ముల్లు కొంచెం కదిలి పడిపోయింది.

"ముల్లెందుకు పడ్డది మేడం? నేనింకా గట్టిగనే ఒత్తిన గద."

"నువ్వు ఒత్తినవ్. నేల ఒప్పుకోలే."

క్లాసులో రెండు వారాలు చెప్పినా ఎక్కనిది ఆ పూటలో ఎక్కింది. చక్రాన్ని తిప్పే బలం టార్క్. ఆ బలాన్ని నేల పట్టుకుంటేనే బండి కదులుతుంది. నేల పట్టు దాటి తిప్పితే చక్రం జారుతుంది. జారిన చక్రానికి ఉన్న పట్టు కూడా తగ్గుతుంది. అందుకే జారడానికి ఒక అడుగు ఇవతలే బలాన్ని పట్టి ఉంచాలి. ట్రాక్షన్ కంట్రోల్ అనే పెద్ద మాటకు అర్థం ఇంతే.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఏమిటంటే, సూత్రం బోర్డు మీద రాయకముందే ఆ ముల్లు పడడం పిల్లలకు చూపించండి. ఆ తర్వాత సూత్రం వాళ్లే అడుగుతారు.

వేలు గొప్పదా, ప్రోగ్రాం గొప్పదా

ఆ బ్యాచ్‌లో బాలమణి అనే అమ్మాయి ఉండేది. కోస్గి అవతలి పల్లె నుంచి కౌన్సెలింగ్‌లో మా కాలేజీ వచ్చి, హాస్టల్లో ఉండి చదివేది. వాళ్లది వాన మీద ఆధారపడ్డ సేద్యం. క్లాసులో నోరు మెదిపేది కాదు. కారు విషయంలో మాత్రం యాదగిరితో రోజూ తగువే.

యాదగిరి వేలిలో ఏదో ఉంది. తడిబండ మీద మిగతావాళ్ల చేతిలో కారు బొంగరంలా తిరిగితే, అతను ట్రిగ్గర్‌ను తాకీ తాకనట్టు పట్టుకుని కారును నూలుపోగు మీద నడిపినట్టు నడిపేవాడు. చక్రం జారబోతోందని మోటారు చప్పుడును బట్టే పసిగట్టేవాడు. నా సర్వీసులో అలాంటి చేయి మళ్లీ చూడలేదు.

బాలమణికి అలాంటి వేలు లేదు. ఆమె నాలుగు చక్రాలకూ చిన్న అయస్కాంతం ముక్కలు అతికించి, అవి ఎంత వేగంగా తిరుగుతున్నాయో లెక్కపెట్టే సెన్సార్లు పెట్టింది. వెనక చక్రాలు ముందు చక్రాలకంటే మరీ ఎక్కువ తిరిగితే అవి జారుతున్నట్టే కదా. అప్పుడు కరెంటు తగ్గించే ప్రోగ్రాం రాసింది. మొదట్లో కారు నత్తి పట్టినట్టు పోయేది, ఒక్కో కుదుపుకు ఆగేది. యాదగిరి పడీ పడీ నవ్వేవాడు.

"గీ ప్రోగ్రాం ఎందుకే నీకు? చెయ్యి తిరిగినోనికి గిది అడ్డం," అనేవాడు.

"నీ అసొంటి చెయ్యి ఎంతమందికుంటది?" అని బాలమణి ఒకరోజు ఎదురు తిరిగింది. "మా నాయినకు లేదు. నాకు లేదు. రేపు గీ బండ్లు మా అసొంటోళ్లే నడపాలె గద."

యాదగిరి నవ్వడం ఆపాడు. ఆ తర్వాత తనే కూర్చుని ప్రోగ్రాం సరిచేయించాడు. కుదుపు ఎక్కడ వస్తోందో అతని వేలికి తెలిసేది, దాన్ని అంకెల్లోకి మార్చడం ఆమెకు తెలిసేది. ఏడాది తిరిగేసరికి మా అటెండర్ కూడా తడిబండ మీద ఆ కారు నడపగలిగాడు. నా ఉద్యోగంలో అంతకంటే మంచి రోజులు లేవు.

చూసేవాళ్లకు మజా కావాలి

పైవాళ్ల గురించి కూడా ఒక మాట. అప్పటి మా ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. కంటికి కనపడేదే శక్తి అనుకునే మనిషి. కాలేజీ చూడటానికి పెద్దలు వస్తున్నారని, మా కారు ప్రదర్శన పెట్టమన్నారు. పిల్లలు తడిబండ మీద జారకుండా నడిపి చూపించారు.

"గిట్ల మెల్లగ పోతే చూసెటోళ్లకు ఏం మజా వస్తదమ్మా? టైర్లకెళ్లి పొగ రావాలె," అన్నారు.

ప్రోగ్రాం తీసేయించారు. టైర్లు అరిచాయి, పొగ లేచింది, అందరూ చప్పట్లు కొట్టారు. లోపల పళ్ల చక్రం అరిగి పనికిరాకుండా పోయింది. అది ఎవరికీ కనపడలేదు. బాలమణి ఆ రోజు భోజనానికి రాలేదు. జారకుండా పోయిన బండికి చప్పట్లు ఉండవు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది ముందే తెలుసుకుంటే మంచిది. ప్రమాదం జరగకపోవడం ఎవరికీ కనిపించదు కాబట్టి, దాన్ని జరగకుండా చూసినవాడికి పేరు రాదు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి, తర్వాత జరిగిందానికి ఇదే మూలం. కంట్రోలర్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది. ట్రిగ్గర్ వదిలితే మోటారే బ్రేకులా పనిచేసి చక్రాన్ని పట్టి ఉంచుతుంది. ఎంత గట్టిగా పట్టాలో మనం పెట్టుకోవచ్చు. కారు చప్పున ఆగాలని యాదగిరి ఒకసారి దాన్ని బాగా పెంచాడు. పొడినేల మీద బ్రహ్మాండంగా ఆగింది. తడిబండ మీద మలుపులో వేలు తీశాడో లేదో, కారు తోక ముందుకు తిరిగి గోడకు కొట్టుకుంది.

"నేనేం ఒత్తలే మేడం," అన్నాడు బిత్తరపోయి. "వేలు తీసిన అంతే."

టార్క్ ముందుకే కాదు, వెనక్కీ ఉంటుందని, చక్రాన్ని పట్టి ఆపినా అది జారుతుందని ఆ రోజు అందరం మాట్లాడుకున్నాం. యాదగిరి ఆ సెట్టింగ్‌ను మళ్లీ ఎన్నడూ పెంచలేదు. నాకు తెలిసినంత వరకు, కాలేజీలో ఉన్నన్నాళ్లు.

నార్కట్‌పల్లి షోరూం

చదువైపోయాక బాలమణికి హైదరాబాద్‌లో కంట్రోలర్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. యాదగిరి కొన్నాళ్లు ఖాళీగా ఉండి, నార్కట్‌పల్లిలో ఎలక్ట్రిక్ ఆటోలు అమ్మే షోరూంలో మెకానిక్‌గా చేరాడు. చేరిన రోజే ఫోన్ చేశాడు.

"మేడం, గిప్పుడు పెద్ద బొమ్మలు దొరికినయి!"

ఆ గొంతులో సంతోషం ఇప్పటికీ వినపడుతుంది.

షోరూం యజమానిని అందరూ సేటు అనేవారు. హైవే మీద వ్యాపారం నడిపినవాడు, మాటకారి. సరుకులు మోసే మూడు చక్రాల ఆటోలు బాగా పోయేవి. బత్తాయి తోటలవాళ్లు, పాలవాళ్లు, టెంటు సామాను వాళ్లు కొనేవారు. అందరిదీ ఒకటే ఫిర్యాదు. పికప్ చాలడం లేదు, చార్జింగ్ నిలవడం లేదు. సేటుకు ఎవరో చెప్పారు, రెండూ కంప్యూటర్‌లో పెంచవచ్చని. మోటారుకు పోయే కరెంటు హద్దు పెంచితే పికప్ వస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారు తిరిగి బ్యాటరీకి కరెంటు పంపే పనిని పెంచితే ఒక్క చార్జింగ్‌తో ఇంకొంచెం దూరం పోతుంది. కానీ అలా కరెంటు పంపేటప్పుడు మోటారు వెనక చక్రాలను పట్టి ఆపుతుంది. మా గోడకు కొట్టుకున్న కారులో జరిగింది సరిగ్గా అదే.

యాదగిరి నాకు ఫోన్ చేసి అడిగాడు.

"మేడం, సేటు గది పెంచుమంటుండు. బండి ఖాళీగ ఉన్నప్పుడు ఎన్కకు బరువుండది. వానల గిట్ల జారితే ఎట్ల?"

"నీకు తెలుసు గద యాదగిరి. చెయ్యకు."

"చెయ్యకపోతే వేరేటోన్ని పెట్టుకుంటనంటుండు."

"పెట్టుకోనియ్యి. నువ్వు మాత్రం చెయ్యకు."

"సరే మేడం," అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "మీకు చెప్పుడు అల్కగనే ఉంటది," అని నెమ్మదిగా అన్నాడు. కోపంతో అన్న మాట కాదది. ఉన్నది చెప్పాడు. నాకు నెలనెలా సర్కారు జీతం. అతనికి ఆ షోరూం తప్ప ఇంకోటి లేదు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, అతను కొన్నాళ్లు పెంచినట్టు చెప్పి పెంచకుండా పంపాడు. బండ్లవాళ్లు తిరిగొచ్చి సేటుతో గొడవపడ్డారు. అప్పటి నుంచి సేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తెర మీద అంకె మారేవరకు చూసి లేచేవాడట.

లింగయ్య బండి

అలా సెట్టింగులు పెంచిన బండ్లలో ఒకటి లింగయ్యది. నార్కట్‌పల్లి దగ్గరి ఊరు. బత్తాయి మార్కెట్‌కు వేసి ఇంటికి తిరిగి వస్తున్నాడు. బండి ఖాళీ. తొలకరి జల్లు పడి రోడ్డు మీద దుమ్ము అప్పుడే బురద పొరగా మారింది. హైవే దిగి ఊళ్లోకి పోయే దారి పల్లంలో మలుపు తిరుగుతుంది. మలుపు చూసి, బండి నడిపే ఎవరైనా చేసే పనే లింగయ్య చేశాడు. యాక్సిలరేటర్ వదిలాడు.

వెనకభాగం పక్కకు కొట్టుకుపోయి బండి బోల్తా పడింది. పొలంలో ఉన్నవాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి అతని ఛాతీ మీద బండి అంచు ఉంది. నల్లగొండ దవాఖానకు తీసుకొచ్చారు. తెల్లారేసరికి పోయాడు.

ఆటో కంపెనీ మనుషులు వచ్చి చూసి, ఈ సెట్టింగులు మేం పెట్టినవి కావు అన్నారు. సేటు, నాకేం తెలియదు, మెకానిక్ నన్ను అడగకుండా చేశాడు అన్నాడు. అంతటితో ఆగలేదు. లింగయ్య తాగి నడిపాడని హోటళ్ల దగ్గర, బస్టాండ్ దగ్గర ఒక మాట వదిలాడు. అలాంటి మాట గాలికంటే ముందు పోతుంది.

పోలీసులు సాంకేతిక అభిప్రాయం కావాలని మా కాలేజీని అడిగారు. కొత్త ప్రిన్సిపాల్ నా పేరు ఇచ్చారు. నేను స్టేషన్‌కు వెళ్లి ఎస్సైకి చెప్పాను.

"ఆ మెకానిక్ నా స్టూడెంట్. నేను చూడొద్దు."

"మేడం, గిది తెలిసినోళ్లు ఈ చుట్టుపక్కల ఇంకెవలున్నరు? మీరు కాదంటే టైరు జారింది, డ్రైవరు తప్పని రాసి కేసు మూసేస్తం," అన్నాడు. బెదిరింపు కాదు, నిజంగానే అతనికి ఇంకో దారి లేదు.

కంట్రోలర్‌లో ఉన్న అంకెలు బయటికి తీయడానికి బాలమణిని పిలిపించాను. సెలవు పెట్టి వచ్చింది. స్టేషన్ ఆవరణలో రేకుల షెడ్డు కింద బండి పెట్టారు. ఒకవైపు నొక్కుకుపోయింది, ట్రాలీలో బత్తాయి ఆకులు ఎండి ఉన్నాయి. బాలమణి వైరు తగిలించి అంకెలు చదివింది. రెండు హద్దులూ పూర్తిగా తెరిచి ఉన్నాయి. చదవడం అయ్యాక ల్యాప్‌టాప్ మూసి, బండి వెనక్కి వెళ్లి వంగి చూసింది.

"మేడం, ఎన్క టైర్లు గూడ అరిగినయి," అంది. "నేను చూసిన. టైర్లు అరిగినందుకు జారిందని రాసినా అబద్ధం గాదు."

అబద్ధం కాదు. టైర్లు అరిగిన మాట నిజమే. మీలో ఎవరికైనా ఇలాంటి రోజు వస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. మనల్ని లొంగదీయడానికి వచ్చేది ఎప్పుడూ పచ్చి అబద్ధం కాదు. సగం నిజం వస్తుంది, అదీ మనకు కావలసినవాళ్ల నోటి నుంచి వస్తుంది.

"ఎస్సైని అడిగి దీన్ని ఇట్లాంటిదే ఇంకో బండితోటి చూద్దాం," అన్నాను.

లింగయ్య బండితో పాటే కొన్న పాలవాడి ఆటో తెప్పించారు. దాని టైర్లు కొత్తవి, సెట్టింగులు మాత్రం ఇలాగే పెంచినవి. ఆవరణలో మట్టి తడిపి, బాలమణిని మనిషి పరుగెత్తేంత వేగంలో నడపమన్నాను. మలుపులో యాక్సిలరేటర్ వదిలింది. కొత్త టైర్లతోనే బండి తోక జర్రున పక్కకు తిరిగింది. ఎస్సై రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె అంకెలు కంపెనీ పెట్టినట్టు తగ్గించి మళ్లీ నడిపింది. బండి మామూలుగా నెమ్మదించి ఆగింది.

బాలమణి దిగి వచ్చి హ్యాండిల్ పట్టిన చేతులు కొంగుకు తుడుచుకుంది. టైర్ల మాట మళ్లీ ఎత్తలేదు.

గేటు దగ్గర ఒకామె నిలబడి ఇదంతా చూస్తోంది. లింగయ్య భార్య సత్తెమ్మ అని కానిస్టేబుల్ చెప్పాడు. నేను బయటికి వస్తుంటే ఎదురొచ్చింది. ఏడవలేదు.

"మేడమంటే నువ్వేనా అమ్మా? మా ఆయినె తాగి నడిపిండని అంటున్నరు. ఆయినె తాగడు. పెండ్లయినకాడి నుంచి నేనెన్నడూ సూడలే. దవాఖానల గూడ చెప్పిన, ఎవలు ఇనలే. నా బిడ్డను బడిల పోరగాండ్లు తాగుబోతోని బిడ్డ అంటున్నరు. జర నువ్వు చూసి చెప్పు. ఆయినె తప్పున్నదా?"

"లేదు," అన్నాను. "ఆయన ఏ తప్పూ చెయ్యలేదు."

"గదే రాయి," అంది.

రాసింది

ఇంటికి వచ్చేసరికి యాదగిరి తల్లి నా కోసం గుమ్మంలో కూర్చుని ఉంది. కొడుకు చదువుకునే రోజుల్లో ఒకసారి కాలేజీకి జున్నుపాలు తెచ్చిచ్చిన మనిషి. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అమ్మా, నువ్వు చదువు చెప్పినవు. నువ్వే ముంచుతవా?" అంది.

సత్తెమ్మ అడిగిందీ న్యాయమే, ఈమె అడిగిందీ న్యాయమే. ఇద్దరిలో ఒకరికే నేను సాయం చేయగలను. అది కూడా సాయం అనుకుంటే.

చూసింది చూసినట్టు రాశాను. సెట్టింగులు పెంచారని, వాటివల్లే చక్రం జారిందని, టైర్లు అరిగి ఉన్నా అవి అసలు కారణం కాదని, నడిపినవాడు చేయవలసిందే చేశాడని రాశాను. అంకెలు ఎవరు మార్చారో బండి చెప్పదు కాబట్టి ఆ సంగతి రాయలేదు.

కోర్టులో నన్ను పిలిచినప్పుడు ఆ ఫోన్ సంగతి చెప్పాను. సేటు పెంచమన్నాడని, చేయకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటానన్నాడని యాదగిరి నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. సేటు వకీలు లేచి, "ఆ మాట సేటు నోటితో మీరు విన్నారా?" అని అడిగాడు. వినలేదు. "అయితే మెకానిక్ తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ముందే అలా చెప్పి ఉండొచ్చు కదా?" అన్నాడు. అంతే, నా మాట అక్కడితో తేలిపోయింది. అంకెలు మార్చిన కంప్యూటర్ షోరూంలో అందరూ వాడేదే. పక్కన కుర్చీలో ఎవరు కూర్చున్నారో దానికి తెలియదు. అక్కడ పనిచేసేవాళ్లెవరూ సేటుకు ఎదురు సాక్ష్యం చెప్పలేదు.

యాదగిరిని అడిగారు. "నేనే చేసిన," అన్నాడు. ఎవరు చేయమన్నారని అడిగితే తల వంచుకున్నాడు. బయట వరండాలో అతన్ని పట్టుకుని అడిగాను.

"సేటు పక్కన కూసున్నడని చెప్పవేందిరా?"

"చెప్తే నమ్మెటోళ్లెవలు మేడం?" అన్నాడు. "మల్ల ఇంకొకటి. జారుతదని సేటుకు తెల్వది. నాకు తెలుసు. తెలిసి చేసిన."

అతనికి శిక్ష పడింది. సేటు మీద కేసు నిలవలేదు. ఆ షోరూం ఇప్పటికీ ఉంది, పైన బోర్డు మారింది. వేరే కంపెనీ ఆటోలు అమ్ముతున్నారు.

మీకు చేదుగా ఉంటుందని తెలిసే ఈ మాట రాస్తున్నాను. మనం మోటారు గురించి చెబుతాం, కరెంటు గురించి చెబుతాం. పైవాడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు వేలు ఎలా ఆపుకోవాలో ఏ సిలబస్‌లోనూ లేదు. జీతం తప్ప ఇంకో ఆధారం లేనివాడికి ఆ పాఠం చెప్పే అర్హత నాలాంటి వాళ్లకు ఉందని కూడా నేను అనుకోను. బాలమణి వాళ్ల కంపెనీలో ఇప్పుడు ఆ రెండు హద్దులూ షోరూంలో మార్చడానికి వీలు లేకుండా తాళం వేసి పంపుతున్నారు. ఆమే పట్టుబట్టి చేయించింది. మంచి మనుషుల మీద భారం వేయడంకంటే అదే నయం. ఆ కారణం చేతే ఆమె కంపెనీ కంట్రోలర్లు పెట్టిన ఆటోలు మా వైపు సరిగా అమ్ముడుపోవడం లేదని కూడా విన్నాను.

చిట్యాల దాటాక

రిటైరైన తర్వాత ఒకరోజు పొద్దున బస్సెక్కి యాదగిరి వాళ్ల ఊరు వెళ్లాను. అప్పటికి శిక్ష ముగించుకుని వచ్చి చాలాకాలమైంది. ఇల్లు అడిగితే చేలల్లో ఉన్నాడన్నారు. పత్తి ఏరిన చేలో గొర్రెలు మేస్తున్నాయి. గొంగడి భుజం మీద వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మనిషి లావయ్యాడు, గడ్డంలో అప్పుడే తెల్లవెంట్రుకలు. నేను పక్కన కూర్చునేదాకా కూర్చోలేదు.

మోటార్ల పనిలోకి మళ్లీ పోలేదా అని అడిగాను.

"అడిగిండ్రు మేడం. బోరు మోటార్ల కాడికి పిలిచిండ్రు. చేతులు పోవుడు లేదు."

బాలమణి అతని గురించి అడుగుతూ ఉంటుందని చెప్పాను. తల ఊపాడు. గొర్రె ఒకటి పక్కచేను వైపు పోతే నోటితో చప్పుడు చేసి తిప్పాడు. తర్వాత తనే అడిగాడు.

"లింగయ్య పెండ్లాం ఎట్లున్నది?"

"కూలికి పోతది. బిడ్డ కాలేజీల చేరింది."

"ఇంకా తాగి నడిపిండంటున్నరా?"

"లేదు. కోర్టు చెప్పినంక ఎవలూ అంటలేరు."

"మంచిగైంది," అన్నాడు. నిజంగానే అన్నాడు, ముఖంలో కొంచెం తేట కనిపించింది. నాకు అక్కడే లేచి వచ్చేయాలనిపించింది, కానీ కూర్చున్నాను. ఇంకేదో మంచి మాట వింటానని ఆశ.

అతను గొంగడి సర్దుకుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మీరు రాసింది నిజమే మేడం. నేనెవ్వలకు వేరే తీరుగ చెప్పలే. కానీ మీరు మల్ల మా ఊరికి రాకుండ్రి. మిమ్ముల చూస్తే మా అమ్మ అన్నం ముట్టది."

సరే అన్నాను. హైవే దాకా తోడు వచ్చి, బస్సు ఆపి ఎక్కించాడు. కండక్టర్‌కు "మేడంను నల్లగొండల దించుండ్రి" అని చెప్పి దిగిపోయాడు. ఆ తర్వాత నేను అటు వెళ్లలేదు.